ఏరుకొనుట, విడుచుట
(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను ప్రసంగింపుమని కోరినప్పుడు, ఏదో యొక ప్రబంధమును గూర్చియో, లేక ఈ పుదుచ్చేరి పట్టణముననే ఆనందరంగపిళ్ల పేర వెలసిన తెలుగు ఛందోగ్రంథమును గూర్చియో నేను మాటలాడుదునని వారు తలచియుందురు. నేనును మొదట అట్లే తలచితిని. కస్తూరి రంగకవి రచించిన ఆనందరంగరాట్ఛందమును బీరువానుండి తీసి దుమ్ము దులిపితిని కూడ. కాని నిరుటి వార్షికోత్సవము జ్ఞాపకము వచ్చినది. వేదికమీద ఒక పెద్దమనిషి భారతమును గూర్చి ఎంతో చక్కగా మాటలాడుచుండగా, వెనుక వరుసలలో మన పిల్లలు పదునాలుగుగురు తలలు వంచుకొని కూర్చుండిరి. పెద్దలు దానిని వినయమని భావించిరి. నేను వారి వెనుకనే కూర్చుంటిని గనుక నాకు తెలియును. వారు ఆ సమయమున ఒక దీవిమీదికి పారాచూటులతో దిగుచుండిరి.

కావున ఈ యేడు ఛందస్సును బీరువాలోనే యుంచి, ఆ దీవిమీదికి మిమ్ము తీసికొనిపోదలచితిని. అందునను ఒక చిన్న విషయమును మాత్రమే చెప్పెదను. ఆ ఆటలో నేలమీద పడియున్న వస్తువులను మన ప్రమేయము లేకయే మన సంచిలోనికి ఏరుకొను ఏర్పాటొకటి కలదు. దానిని ఆటో పికప్ అందురు. ఏ వస్తువును ఎంతవరకు ఏరవలెనో ముందుగా మనమే నిర్ణయించి యుంచవచ్చును. నా ప్రసంగమంతయు ఈ నిర్ణయమును గూర్చియే. ఇంత చిన్న విషయమున కింత సభ యెందుకని మీరు నవ్వవచ్చును. నేనును కొన్నేండ్ల క్రిందట నవ్వినవాడనే.

పెద్దల కొరకు ఆట స్వరూపమును క్లుప్తముగా చెప్పవలసియున్నది. వెనుక వరుసవారు ఓపిక పట్టవలెను. వంద మంది ఆటగాండ్రు ఒక విమానమునుండి దీవిపైకి దూకుదురు. ఎవని చేతను ఏమియు నుండదు. దీవిలోని ఇండ్లయందును, గిడ్డంగులయందును తుపాకులు, తూటాలు, శిరస్త్రాణములు, కవచములు, మందులు చెదరిపడి యుండును. వానిని ఏరుకొని, ఒకరితోనొకరు పోరి, చివరకు మిగిలిన జట్టే గెలిచినట్లు. ఆట సాగినకొలది దీవిమీద ఒక వలయము ముడుచుకొని వచ్చును. వెలుపల చిక్కినవాని ప్రాణము కొంచెము కొంచెముగా హరించుచుండును. సుమారు అరగంటలో సర్వమును ముగియును. ఈ జాతి ఆటలను బాటిల్ రాయల్ అందురు. ఆ పేరు జపానులో 1999లో కౌషున్ తకామి ప్రచురించిన నవలనుండి వచ్చినది. ఐర్లండు దేశస్థుడైన బ్రెండన్ గ్రీన్ రూపకల్పన చేసిన పబ్జీ 2017లో కంప్యూటరుమీదికిని, 2018లో సెల్‌ఫోనులోనికిని వచ్చెను. ఇందు పెనము కూడ నొక ఆయుధమే. అంతేకాదు, దానిని నడుమునకు తగిలించుకొన్నచో తూటా తగిలి టంగుమని వెనుకకు పోవును. ఈ మాట మా యింటిలో చెప్పినప్పుడు ఇల్లాలు, ఇన్నాళ్లకు వంటింటి సామగ్రికి తగిన గౌరవము లభించినదని సంతోషించెను.

పోరాటమే ఈ ఆటకు ప్రాణమని చూచువారి భావన. ఆడువారినడుగుడు, సగము కాలము ఏరుకొనుటయే. ఈ ఏరుకొనుటకును ఒక చరిత్ర కలదు. 1980లో వచ్చిన పాక్‌మాన్ అను ఆటలో ఆ గుండ్రని ముఖము త్రోవలోని చుక్కలనన్నిటిని మ్రింగుచు పోవును. ఏది మ్రింగవలెను, ఏది విడువవలెనను ప్రశ్నయే లేదు. 1993లో వచ్చిన డూమ్‌లోను మందుపెట్టెమీద కాలు మోపిన చాలును, అది మనదైపోవును. ఈ రెండు ఆటలలో మోయుటకు సంచి బరువన్నది లేదు. అందుచేత ఏరుకొనుట ఒక నడక మాత్రమే. మరికొన్ని ఆటలలో సంచికి కొలత వచ్చెను. కొలత వచ్చినంతనే ఎంపిక వచ్చెను. కంప్యూటరుమీది పబ్జీలో ఒక్కొక్క వస్తువు కడ నిలిచి, చూచి, ఎఫ్ అను మీటను నొక్కి తీసికొనవలెను. తీసికొనువాడు ఆ క్షణమున తీసికొనుచున్నానని యెరుగును.

ఫోనులో ఆ వెసులుబాటు లేదు. అరచేతి వెడల్పు తెర. రెండు బొటనవ్రేళ్లు. ఒకటి నడుపుటకు, మరియొకటి చూచుటకును కాల్చుటకును. ఒక్కొక్క తూటాల పెట్టెను వ్రేలితో నొక్కుచు నిలిచినచో, ఎదుటి కిటికీనుండి ఎవడో కాల్చిపోవును. అందుచేత ఫోనులోని ఆటను తయారుచేసినవారు, ఆటగాడు వస్తువును సమీపించినంతనే అది తనంతట తానే సంచిలో చేరునట్లు ఏర్పరచిరి. చేతిలో తుపాకి లేనివానికి మొదట కనబడిన తుపాకి దొరకును. తుపాకి దొరికినవానికి దానికి తగిన తూటాలు చేరును. తలమీది నాసిరకపు శిరస్త్రాణము పోయి మేలురకము వచ్చును. ఇది సోమరితనము కొరకు చేసినది కాదు, బొటనవ్రేళ్లు రెండే గనుక చేసినది. ఈ భేదమును పెద్దలు గమనింపవలెను. పిల్లల ఆటలోని ప్రతి సౌకర్యమును సోమరితనమని నిందించు అలవాటు మనకు కలదు.

కాని సంచి పరిమితమైనది. మొదటి, రెండవ, మూడవ రకములని సంచులు మూడు, మూడవదియు నిండును. అందుచేత సెట్టింగులలో ఒక పట్టికను పెట్టిరి. తూటాలు రకమువారీగా ఇన్ని, కట్టుగుడ్డలు ఇన్ని, ప్రథమ చికిత్స పెట్టెలు ఇన్ని, ఎనర్జీ డ్రింకులు, నొప్పి మాత్రలు, చేబాంబులు, పొగబాంబులు, పెట్రోలు సీసాలు ఇన్నిన్ని అని ఒక్కొక్కదానికి ఎదుట నొక గీత, గీతమీద నొక చుక్క. ఆ చుక్కను ఎడమకు జరిపిన తక్కువ, కుడికి జరిపిన ఎక్కువ. ఆ లెక్క నిండినంతనే చేయి తనంతట తాను ఆగును. అటుపైన కావలెనన్న మనమే నొక్కి తీసికొనవలెను. ఫోర్ట్‌నైట్ అను మరియొక ఆటలో, ఏ రకపు వస్తువు ఏ అరలో చేరవలెనో కూడ ముందుగానే చెప్పి యుంచవచ్చును.

ఈ పట్టికను నేను మొదటిసారి చూచినది 2021 వర్షకాలమున. దానికి ముందు కథ కొంత చెప్పవలెను. లేనిచో ఒక ఉద్యోగి తన వయస్సు మరచి పిల్లల ఆటలో ఎందుకు దూరెనో మీకు అర్థము కాదు.

మా స్వస్థలము యానాం. యానాం పుదుచ్చేరిలోని భాగమే యైనను, ఇచ్చటికి 800 కిలోమీటర్లకు పైగా దూరము. 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండుటచేత కలిసిన బంధుత్వమది. నా అక్కగారు యానాంలోను, చెల్లెలు కాకినాడలోను కాపురముందురు. అక్కగారి కుమారుడు మా అబ్బాయికంటె పెద్దవాడు. చెల్లెలి కుమార్తె చిన్నది. మా అబ్బాయి ఇచ్చటనే పుట్టి పెరిగెను. బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి; వీధిలో తమిళము. ఇంటిలో మేము తెలుగున అడిగినదానికి వాడు తల యూపుటతో సమాధానము చెప్పుచుండెను. తల యూపుటకు భాష లేదు గదా! మన సంఘము నడపు తెలుగు తరగతికి వానిని రెండేండ్లు పంపితిని. గుణింతములు వచ్చెను, మాట రాలేదు. ఈ సభలో కూర్చున్న తల్లిదండ్రులలో సగము మందికి ఈ సంగతి నేను వివరింప నక్కరలేదు.

2020 వేసవిలో లాక్‌డౌను వచ్చెను. బడులు మూతపడెను. పిల్లలకు చదువు పేర ఫోను చేతికి వచ్చెను. చదువుతో బాటు ఆటయు వచ్చెను. ఒక రాత్రి ప్రక్క గదినుండి గట్టి కేకలు వినవచ్చెను. కోపముతో లేచి తలుపు కడకు పోయి నిలిచిపోతిని. మా అబ్బాయి తెలుగున మాటలాడుచున్నాడు! “బావా, గోడ వెనక్కి రా! అటు కాదు, ఇటు! అది వదిలెయ్, నేను ఏరుకుంటా!” అని అచ్చమైన గోదావరి యాసతో అరచుచున్నాడు. అవతలినుండి యానాం, కాకినాడ కంఠములు. ఆటలోని మైకు ద్వారా ముగ్గురును ఒకే గదిలో నున్నట్లు మాటలాడుకొనుచున్నారు. ఏరుకో, పడెయ్, దాక్కో, లేపు, ఆగు, వస్తున్నా. వాని తెలుగు నిఘంటువు ఆ రాత్రులలో ఈ క్రియలతోనే మొదలయ్యెను. నేను తిట్టుటకు పోయినవాడను, తిట్టక తిరిగి వచ్చితిని. ఆ ఆట హింసతో కూడినదని నేనెరుగుదును. రాత్రులు నిద్ర చెడుననియు నెరుగుదును. ఈ రెండు దోషములను నేను కప్పిపుచ్చుట లేదు. అయినను తలుపు వేసి వచ్చితిని.

2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వము 118 యాపులను నిషేధించుచు ఉత్తర్వు చేసెను. అందు పబ్జీ మొబైల్ ఒకటి. సమాచార సాంకేతిక చట్టములోని 69ఎ విభాగము ప్రకారము, దేశ భద్రతను పురస్కరించుకొని చేసిన ఉత్తర్వది. దాని మంచిచెడ్డలు నేను విచారించువాడను కాను. మా యింటిలో మాత్రము నిశ్శబ్దము వచ్చెను. ఆట లేకున్న నేమి, ఫోను చేసి మాటలాడుకొనరాదా అని నేను పిల్లలకు సలహా ఇచ్చితిని. రెండు దినములు మాటలాడుకొనిరి. “ఏం చేస్తున్నావ్?” “ఏం లేదు, నువ్వు?” “ఏం లేదు.” అంతటితో ముగిసెను. చేయుటకు పని లేనిచో పిల్లలకు మాట లేదు. మనకు మాత్రము కలదా? కార్యాలయములో ఇరువదియేండ్లు ప్రక్కప్రక్కన కూర్చున్న మిత్రులు పదవీ విరమణానంతరము ఫోనులో వాతావరణమును గూర్చి మాటలాడుకొనుట మీరును వినియుందురు.

2021 జూలై 2న దక్షిణ కొరియాకు చెందిన క్రాఫ్టన్ సంస్థ ఆ ఆటనే బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అను పేర మన దేశమున విడుదల చేసెను. పదునెనిమిదేండ్లు నిండనివారు తల్లిదండ్రుల అనుమతితో, దినమునకు మూడు గంటలకు మించకుండ ఆడవలెనని నియమము. 2022 జూలైలో అదియు ఆగెను; 2023 మేలో తిరిగి వచ్చెను. ఈ మధ్య, 2025 ఆగస్టులో, డబ్బు ఒడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించుచును, ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించుచును చట్టము వచ్చినది. ఇవన్నియు మీరు పత్రికలలో చదివినవే. నేను చెప్పదలచినది 2021 నాటి ఒక ఆదివారమును గూర్చి.

జట్టునకు నలుగురుందురు. ఆనాడు నాలుగవవాడు రాలేదు. మా అబ్బాయి నా వంక చూచి, “నాన్నా, నువ్వు వస్తావా?” అని యడిగెను. ఆ పిలుపును కాదనగలవాడెవడు? నా ఫోనులో ఆటను దింపుకొని, ఉద్యోగధర్మము చొప్పున ముందుగా నియమావళిని చూతమని సెట్టింగులు తెరచితిని. అచ్చట నీ పట్టిక కనబడెను. ఒక్కొక్క చుక్కను పట్టి కుడిచివరకు జరిపితిని. ఎందుకు జరిపితినని యెవరైన నడిగినచో నా కడ నున్న సమాధానమొక్కటే: ఎందుకైనా మంచిది.

ఈ “ఎందుకైనా మంచిది” అను మాటను గూర్చి ఒక్క నిమిషము. తెలుగువారి యిండ్లలో అటకలు నిండినది దీనివలననే. ఇచ్చట గాంధీ వీధిలోని ఆదివారపు సంతకు పోయి, చౌకగా నున్నదని అవసరము లేని బకెట్టును తెచ్చుటయు దీనివలననే. మన దస్త్రములు పెరుగుటయు దీనివలననే. కేంద్ర సచివాలయ కార్యవిధానము ప్రకారము దస్త్రమును ముగించునప్పుడు ఏ, బీ, సీ అని వర్గము నిర్ణయింపవలెను. మొదటి రెండును శాశ్వతముగా నుంచవలసినవి. సీ వర్గము నిర్ణీత కాలమునకు, గరిష్ఠముగా పదియేండ్లకు, ఉంచి పిదప తీసివేయదగినది. నిర్ణయము ముందుగనే చేయవలెనను తెలివి అందు కలదు. కాని చేయువాడు మనిషి. ఒక కుర్చీ మరమ్మతు దస్త్రముమీద బీ అని వ్రాసిన సహోద్యోగిని నేనెరుగుదును. ఎందుకయ్యా అని యడుగగా ఆయన చెప్పిన సమాధానమును నేను వేరుగ చెప్ప నక్కరలేదు.

సరే, ఆట మొదలయ్యెను. నాకు కాల్చుట రాదు గనుక ముందుగా ఇండ్లలో దూరుట నా పనియైనది. నేను గడప దాటినంతనే వస్తువులు చప్పుడు చేయుచు సంచిలో చేరుచుండెను. ఆ చప్పుడులో నొక ఆనందమున్నది, నిజము చెప్పవలెనన్న. జీతము జమయైనట్లు సెల్‌ఫోనుకు సందేశము వచ్చునప్పటి ఆనందమది. నాలుగైదు ఇండ్లు తిరుగునప్పటికి నా వీపుమీది సంచి నిండెను. అప్పుడొక మంచి దుర్భిణి కనబడెను. సంచిలో చోటు లేదని ఆట నిరాకరించెను. అదే నాకు మొదటి హెచ్చరిక. నేను లెక్క చేయలేదు.

వలయము ముడుచుకొనుచున్న సమయమున మా మేనకోడలు, దాని స్వభావము చొప్పున, అందరికంటె ముందుకు దూకి దెబ్బ తిని కూలెను. ఈ ఆటలో కూలినవానిని జట్టువాడు ప్రక్కన కూర్చుండి లేపవలెను. లేచినవానికి ప్రాణము బొటాబొటిగా నుండును. వెంటనే మందు వాడవలెను. కట్టుగుడ్డ కొంచెమే మేలు చేయును. ప్రథమ చికిత్స పెట్టె ఒక్కసారిగా ముప్పాతిక వంతు ప్రాణమును తెచ్చును. పెద్ద మందుపెట్టె పూర్తిగా నయము చేయును గాని, దానిని వాడుటకు ఎక్కువ సమయము పట్టును. ఒకని సంచిలోని మందును మరియొకడు వాడవలెనన్న, మొదటివాడు దానిని నేలమీద పడవేయవలెను. మేనల్లుడు దానిని లేపెను. దాని కడ మందు లేదు. వాని కడను లేదు. మా అబ్బాయి కడ ఒక్క కట్టుగుడ్డ యుండెను.

“మావయ్యా! ఒక్క ఫస్ట్ ఎయిడ్ పడెయ్యండి మావయ్యా! చచ్చిపోతున్నాను!” అని కాకినాడనుండి ఆ పిల్ల కేక.

నా సంచిలో పదకొండు ఉండెను. పదకొండు! కాని వానిని ఏరినది నేను కాదు గనుక, అవి ఉన్నట్లే నాకు తెలియదు. సంచి తెరచి, ఆ వస్తువుల గుట్టలో వెదకి, పడవేయు విధానము తెలిసికొనులోగా ఎవడో గోడమీదుగా చేబాంబు విసరెను. నలుగురము ఒక్కసారిగా పోతిమి.

కొంతసేపు ఎవరును మాటలాడలేదు. పిదప యానాంనుండి మేనల్లుడు ఎంతో మర్యాదగా ననెను: “మావయ్యగారండీ, మీరు ఊరంతా ఊడ్చేశారండీ. మీ వెనకాల మేం ఖాళీ ఇళ్ళు చూసుకుంటూ వచ్చామండీ.” గోదావరివారి మర్యాదలో నున్న వాడి మీకు తెలియనిది కాదు. దానికంటె తిట్టియున్న బాగుండెడిది.

ఆ రాత్రి మా అబ్బాయి నా ప్రక్కన కూర్చుండి పట్టికను తెరచెను. ఒక్కొక్క చుక్కను ఎడమకు జరుపుచు వచ్చెను. నేను ఆఫీసులో పద్దు తగ్గించుచున్న అధికారియెదుట గుమాస్తావలె వాదించితిని. రెండు పెట్టెలు చాలునా? ఆపద వచ్చినచో? వాడు విసుగుకొనక, “నాన్నా, నేల మీద ఉంటే అవి మన నలుగురివీ. నీ సంచీలో ఉంటే నీవొక్కడివే,” అనెను. వాడు నాతో తెలుగున అంత పొడవైన వాక్యము చెప్పుట అదియే ప్రథమము. వాక్యము బాగున్నదని మెచ్చుకొనవలెనా, విషయము బాగున్నదని మెచ్చుకొనవలెనా తెలియక ఊరకుంటిని.

తరువాత వాడు చెప్పిన సూత్రములు కొన్ని యున్నవి. తూటాలను ఏరుటకు యంత్రమును నమ్మవచ్చును. తుపాకిని మాత్రము కన్నుతో చూచి తీసికొనవలెను. కట్టుగుడ్డలను తగ్గించి ప్రథమ చికిత్స పెట్టెలకు చోటుంచవలెను. చచ్చినవాని పెట్టె కడ తనంతట తాను ఏరుకొనుటను ఆపివేయవలెను. ఏలయన శత్రువు దానినే గురిపెట్టి కూర్చుండును, చేయి ఏరుచున్నంతసేపు కాలు కదలదు. లెక్క నిండిన పిదప మిగిలినదానిని చూచినచో గట్టిగా చెప్పవలెను: ఈ ఇంటిలో రెండు మందులున్నవి, ఎవరికి కావలెను? నేను విడిచినది నా వెనుకవానికి దొరకవలెనన్న, నేను విడిచితినని వానికి తెలియవలెను గదా. ఈ చివరి సూత్రము ఏ పట్టికలోను లేదు. దానికి నోరు కావలెను. ఆ నోటి మాట మా యింటిలో తెలుగున నడచినది.

మరునాడు ఆదివారము కాకున్నను సెలవు. మేమిద్దరము సముద్రపు టొడ్డున నడచి, పిదప పట్టణము చుట్టు నున్న బులెవారు వీధులగుండ తిరిగితిమి. ఈ వీధుల వలయము పాత పట్టణపు కోటగోడల జాడ యని మీరెరుగుదురు. అందులోపల మా అబ్బాయికి ఒక కథ చెప్పితిని. వలయము ముడుచుకొను ఆట నేర్పినవానికి వలయము ముడుచుకొనిన కథ చెప్పుట న్యాయమని తోచినది. 1760 సెప్టెంబరులో ఆంగ్లేయులు ఈ పట్టణపు వెలుపలి ముళ్లకంచె సరిహద్దును పట్టుకొనిరి. సముద్రమువైపున ఓడలు. లోపల ఫ్రెంచి సేనాధిపతి లాలీ. నెలలు గడచినకొలది ఆహారము తరిగెను. ఉన్న తిండి సైనికులకు చాలవలెనని, లోపలి స్థానిక ప్రజలను లాలీ కోట వెలుపలికి పంపివేసెను. వెలుపలి సేన వారిని ముందుకు పోనీయలేదు. కోటవారు తిరిగి రానీయలేదు. ఆడువారు, పిల్లలు, ముసలివారు కొన్ని దినములు ఆ రెంటి నడుమ నేలమీద దొరకిన గడ్డిగాదము ఏరుకొని బ్రతికిరి. చివరకు ఆంగ్లేయుల నాయకుడు ఐర్ కూట్ దారి విడిచెను. 1761 జనవరిలో పట్టణము లొంగిపోయెను. దానికి కొద్ది దినములకు ముందే ఆనందరంగపిళ్ల కన్ను మూసెను. ఛందోగ్రంథమును అంకితముగొన్న ఆ దుబాసీ కడపటి దినములలో ఈ వీధులు ఎట్లుండెనో! మా అబ్బాయి చాలసేపు మాటలాడలేదు. పిదప, “మందులు ఎవరి దగ్గర ఉన్నాయి నాన్నా అప్పుడు?” అని యడిగెను. చరిత్ర తరగతిలో ఎవరును అడుగని ప్రశ్న అది. నా కడ సమాధానము లేకపోయెను.

కాలము గడచెను. ఈ యేడు వాడు చదువుకొరకు హాస్టలుకు పోయెను. క్రొత్త ఫోను కొనిపోయి, పాతదానిని నాకు విడిచెను. నా ఫోను తెర పగిలి యుండుటచేత ఇప్పుడు దానితోనే ఆడుచున్నాను. అవును, ఇప్పటికిని శనివారపు రాత్రులు నలుగురము కలిసెదము. వాడు హాస్టలునుండి, మేనల్లుడు యానాంనుండి, మేనకోడలు కాకినాడనుండి, నేనిచ్చటినుండి. వాని తెలుగు ఇప్పుడు ఏరుకో, పడెయ్‌లను దాటి చాల దూరము వచ్చెను. మొన్న మెస్సులోని సాంబారును వర్ణించిన విధము వినియున్నచో ఈ సభలోని కవులు సంతోషించెడివారు.

ఆ పాత ఫోనులో వాని పట్టిక అట్లే యున్నది. మొదటి దినమున తెరచి చూచితిని. తూటాలు సరిపడ. చేబాంబులు రెండు. ప్రథమ చికిత్స పెట్టెలు తనకు రెండే. పొగబాంబులు మాత్రము అయిదు. పొగబాంబు ఎవరిని చంపదు. కూలినవానిని లేపునప్పుడు శత్రువు కంట పడకుండ చుట్టు తెర కట్టుటకది ఉపయోగించును. ఇన్నేండ్లును వాడు తన సంచిలో సగము చోటును, ముందుకు దూకి కూలు ఆ పిల్ల కొరకు ఉంచినాడన్న మాట. ఆ సంగతి వాడెన్నడును చెప్పలేదు, నేనును అడుగలేదు. ఎవరికైనను తన ఫోనును ఇచ్చునప్పుడు ఫొటోలు, సందేశములు తుడిచి యిత్తురు. ఈ పట్టికను తుడువవలెనని యెవనికి తోచును?

నేనా చుక్కలను కదల్పలేదు. ఒక్కటి మాత్రము కుడికి జరుపవలెనని నా చేయి రెండు మూడు పర్యాయములు పోయినది. మీకు తెలిసిన కారణముచేతనే. ఆపుకొంటిని.

మొన్న శనివారము మేనకోడలు యథాప్రకారము ముందుకు దూకి కూలెను. “మావయ్యా, పొగ!” అని కేక. నేను తక్షణమే పొగబాంబు తీసి విసరితిని. అది కిటికీ చట్రమునకు తగిలి తిరిగివచ్చి నా కాళ్లకడనే పడెను. నాకు ఏమియు కనబడలేదు. ఆ పొగలో నిలుచుండి, మూడు ఊళ్లనుండి ముగ్గురు పిల్లలు ఒక్కసారిగా నవ్వుట వింటిని.

వెనుక వరుసవారు ఇక తమ ఆటను కొనసాగింపవచ్చును.